భూగర్భ చమురు అన్వేషణ – మారుతున్న భూభౌతిక పద్ధతులు: దక్షిణ రాయలసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

భూమి లోపలి చమురును నేరుగా చూపించే పరికరం నేటికీ లేదు. శిలల సాంద్రత, అయస్కాంతత్వం, స్థితిస్థాపకత, విద్యున్నిరోధకత వంటి ధర్మాలను ఉపరితలం మీద కొలిచి, లోపలి నిర్మాణాన్ని ఊహించడమే భూభౌతిక అన్వేషణ. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభం నుంచి ఈ కొలతల స్వరూపం ఎలా మారిందో, ప్రతి మార్పు వెనుక ఏ లోపం కారణమైందో ఈ వ్యాసం వివరిస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఈ పద్ధతులు సాధించిన ఫలితాలను, తిరుపతి–చిత్తూరు ప్రాంతపు శిలల్లో చమురు అవకాశాలు పరిమితం కావడానికి గల కారణాలను పరిశీలిస్తుంది. చమురు కోసం ఎదిగిన ఒక పద్ధతి ఈ ప్రాంతంలో బోరునీటి అన్వేషణకు ఆధారమైన తీరును, దాని పరిమితులను చర్చిస్తుంది.

కీలకపదాలు: భూభౌతికశాస్త్రం, చమురు అన్వేషణ, సైస్మిక్ పరావర్తనం, విద్యున్నిరోధకత, కడప బేసిన్, సత్యవేడు, కఠినశిలలు, భూగర్భజలం.

1. ఉపోద్ఘాతం

అలిపిరి నుంచి తిరుమలకు వెళ్లే కనుమదారిలో కొండకోత ఒకచోట భూచరిత్రను బయటపెడుతుంది. కింద సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటి గ్రానైటు జాతి శిలలు, వాటిమీద దాదాపు అడ్డంగా పరుచుకున్న క్వార్ట్‌జైటు పొరలు. ఈ రెండింటి మధ్య స్థూలంగా 80 కోట్ల సంవత్సరాల విరామం ఉన్నట్లు భూగర్భశాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ‘ఎపార్కియన్ అననురూపత’గా పేరొందిన ఈ స్థలాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది.

ఇక్కడ కొండ కోసుకుపోవడం వల్ల రెండు శిలల హద్దు కంటికి కనిపిస్తున్నది. అదే హద్దు నేలకింద రెండు మూడు కిలోమీటర్ల లోతులో ఉంటే దానిని తెలుసుకునే మార్గమేమిటి? చమురు అన్వేషణలోని ప్రధాన సమస్య ఇదే. చమురు నేలకింద చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాయి, సున్నపురాయి వంటి శిలల సూక్ష్మరంధ్రాల్లో నీటితోపాటు ఇరుక్కొని ఉంటుంది. ఒక్క బావి తవ్వకానికే కోట్ల రూపాయల ఖర్చవుతుంది. సముద్రంలో అది అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఎక్కడ తవ్వాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ తవ్వకూడదో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

దక్షిణ రాయలసీమలో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. ఇక్కడి రైతు వెతికేది చమురు కాదు, నీరు. కాని అతని పొలంలో నాలుగు ఇనుప కడ్డీలు పాతి, తీగలు లాగి జియాలజిస్టు చేసే పరీక్ష, చమురు పరిశ్రమకు పునాది వేసిన ప్రయోగాల్లో ఒకదానికి నేరుగా వారసురాలు. ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవడం పరిశోధకులకే కాక, బోరు మీద అప్పు తెచ్చే కుటుంబానికి కూడా అవసరం.

2. కొలిచేది ఒకటి, వెతికేది మరొకటి

చమురు నిల్వ ఏర్పడాలంటే కొన్ని షరతులు ఒకేచోట నెరవేరాలి. జీవావశేషాలు సమృద్ధిగా కలిసిన మూలశిల ఉండాలి. అది భూమిలో కూరుకుపోయి, స్థూలంగా 60 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కాలి. అక్కడినుంచి కదిలిన చమురును నిలుపుకొనే రంధ్రాలున్న నిల్వశిల కావాలి. దానిమీద చమురును పైకి పోనివ్వని మూతశిల ఉండాలి. ఇవన్నీ ముడుత, భ్రంశం, ఉప్పుగుమ్మటం వంటి ఒక ‘ఉచ్చు’ రూపంలో అమరాలి. చమురు కదలడానికి ముందే ఆ ఉచ్చు ఏర్పడి ఉండాలి.

భూభౌతిక పద్ధతులు ఎక్కువగా చూపగలిగేది ఈ షరతుల్లో ఉచ్చును, దాని ఆకృతిని మాత్రమే. మూలశిల నాణ్యత, చమురు కదిలిన కాలం వంటివి భూరసాయన, భూగర్భ అధ్యయనాల వల్ల తెలుస్తాయి. అందువల్ల చక్కని ఉచ్చు కనిపించినచోట తవ్వినా ఉప్పునీరే రావచ్చు.

రెండో చిక్కు గణితానికి సంబంధించినది. నేలమీద నమోదైన ఒకే కొలతకు లోపల అనేక నిర్మాణాలు కారణం కావచ్చు. తక్కువ లోతులో ఉన్న చిన్న శిలాకాయం, ఎక్కువ లోతులో ఉన్న పెద్ద శిలాకాయం దాదాపు ఒకే రకమైన గురుత్వ మార్పును చూపించగలవు. ఈ అనిశ్చితిని తగ్గించే ప్రయత్నాల చరిత్రగా భూభౌతిక పద్ధతుల పరిణామాన్ని చదవవచ్చు.

3. తొలి దశ: ఊటల నుంచి గురుత్వ కొలతల వరకు

3.1 కంటికి కనిపించే ఆనవాళ్లు

1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ వద్ద ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావి లోతు సుమారు 69 అడుగులు. అక్కడ చమురు నేలమీదికి ఊరుతుండటమే అన్వేషకులకు ఆధారం. అస్సాంలోని డిగ్బోయ్‌లో 1889లో చమురు దొరకడానికి కూడా ఉపరితల ఊటలే దారి చూపాయి. ఆ తరువాత శిలల వంపులను నేలమీద కొలిచి, ముడుతల శిఖరాల వద్ద తవ్వే పద్ధతి బలపడింది. పైన ఒండ్రుమట్టి పరుచుకున్న మైదానాల్లో ఈ రెండు మార్గాలూ పనికిరాలేదు. అక్కడ కంటికి బదులు పరికరం అవసరమైంది.

3.2 గురుత్వ పద్ధతి

హంగేరీ శాస్త్రవేత్త లోరాండ్ ఎట్వష్ రూపొందించిన మెలితిరుగుడు త్రాసు గురుత్వంలోని అతిస్వల్ప మార్పులను పట్టుకోగలిగింది. 1901లో గడ్డకట్టిన బాలటన్ సరస్సు మీద ఆయన దానితో కొలతలు తీశాడు. 1920లలో అమెరికాలోని గల్ఫ్ తీరంలో ఈ పరికరం ఉప్పుగుమ్మటాలను వెతకడానికి ఉపయోగపడింది. 1924లో టెక్సాస్‌లోని నాష్ గుమ్మటాన్ని గుర్తించడం ఈ పద్ధతి సాధించిన తొలి విజయాల్లో ఒకటి. ఉప్పు సాంద్రత చుట్టూ ఉన్న అవక్షేప శిలలకంటే తక్కువ. అందువల్ల దాని మీద గురుత్వం కొద్దిగా తగ్గుతుంది.

ఆ తగ్గుదల ఎంత స్వల్పమో గమనించాలి. గురుత్వ త్వరణం సుమారు 980 గాల్‌లు. అన్వేషణలో కొలిచేది మిల్లీగాల్‌లలో. అంటే మొత్తం విలువలో స్థూలంగా పది లక్షలో వంతు. కొలిచే స్థలపు ఎత్తు, అక్షాంశం, పక్కనున్న కొండల ఆకర్షణ ఇంతకన్నా పెద్ద మార్పులు తెస్తాయి. వాటిని లెక్కగట్టి తొలగించిన తరువాత మిగిలే శేషమే శిలల సమాచారం. మెలితిరుగుడు త్రాసుతో ఒక్క చోట కొలవడానికి గంటలు పట్టేది. 1930లలో స్ప్రింగు ఆధారిత గ్రావీమీటర్లు రావడంతో ఆ పని నిమిషాల్లోకి వచ్చింది.

ఈ పద్ధతిలోని సందిగ్ధతకు కడప బేసిన్ మంచి ఉదాహరణ. అవక్షేపాలు మందంగా పేరుకున్నచోట గురుత్వం తగ్గడం సాధారణం. కాని కడప బేసిన్ నైరుతి భాగంలో గురుత్వం ఎక్కువగా నమోదైంది. అవక్షేపాల కింద బరువైన మేఫిక్ జాతి అగ్నిశిల చొచ్చుకొని ఉందన్న వివరణ అందువల్ల వచ్చింది. పైనున్న తేలిక పొరల ప్రభావాన్ని కిందనున్న బరువు మింగివేసిన సందర్భమిది. గురుత్వ పటం ఒక్కదానినే నమ్మితే అక్కడ అవక్షేపాల మందం తప్పుగా అంచనా అయ్యేది.

3.3 అయస్కాంత పద్ధతి

అవక్షేప శిలల్లో అయస్కాంతత్వం అతి తక్కువ. గ్రానైటు, బసాల్టు, డోలరైటు వంటి వాటిలో మాగ్నటైటు ఉండటం వల్ల ఎక్కువ. అందువల్ల అయస్కాంత పటం అవక్షేపాల అడుగున ఉన్న మూలశిలావేదిక ఎంత లోతులో ఉందో సూచిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను పసిగట్టడానికి మెరుగుపరచిన ఫ్లక్స్‌గేట్ మాగ్నటోమీటరు, యుద్ధం ముగిశాక విమానాల నుంచి విశాల ప్రాంతాలను సర్వే చేయడానికి అక్కరకొచ్చింది. చమురును చూపడం దీని పని కాదు. లోతైన బేసిన్ ఎక్కడుందో చూపి, ఖరీదైన తదుపరి సర్వేలను అక్కడికి పరిమితం చేయడం దీని ప్రయోజనం.

4. ప్రతిధ్వనిని చదవడం: సైస్మిక్ పద్ధతి

4.1 వక్రీభవనం నుంచి పరావర్తనానికి

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శత్రువుల ఫిరంగుల స్థానాలను కంపనాల ద్వారా గుర్తించే ప్రయత్నాలు జరిగాయి. ఆ అనుభవం నుంచి జర్మనీకి చెందిన లుడ్గర్ మింట్రాప్ వక్రీభవన పద్ధతిని అభివృద్ధిచేసి, 1921లో సైస్మాస్ సంస్థను నెలకొల్పాడు. ఉప్పులో తరంగాలు వేగంగా ప్రయాణిస్తాయి కాబట్టి 1924 నాటికి గల్ఫ్ తీరపు గుమ్మటాలను ఈ పద్ధతి గుర్తించగలిగింది. అయితే వేగం లోతుతోపాటు పెరుగుతూ పోతేనే వక్రీభవనం సరిగా పనిచేస్తుంది. పలుచని పొరలను విడదీసి చూపడం దానివల్ల కాలేదు.

1921లో అమెరికాలోని ఓక్లహోమాలో జాన్ కార్చర్ బృందం పరావర్తన ప్రయోగాలు చేసింది. నేలలో పేలుడు జరిపితే పుట్టిన తరంగం లోపలి పొరల హద్దుల వద్ద కొంత వెనక్కి తిరిగివస్తుంది. అది తిరిగివచ్చిన సమయం తెలిస్తే లోతు తెలుస్తుంది. తిరుపతి సమీపంలోని గాదంకి రాడార్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, వాతావరణ పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనిని వినే తీరును ఎరిగినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. అక్కడ చూపు పైకి, ఇక్కడ కిందికి.

ఒక ప్రతిధ్వని 2 సెకన్లకు తిరిగివచ్చిందనుకుంటే, సగటు వేగం సెకనుకు 3000 మీటర్లయినప్పుడు, పోయిరావడానికి కలిపి 6000 మీటర్ల దూరం. అంటే పొర లోతు 3000 మీటర్లు. వేగాన్ని పది శాతం తప్పుగా అంచనా వేస్తే లోతు 300 మీటర్లు తప్పుతుంది. సైస్మిక్ పద్ధతిలో కాలం కచ్చితమైన కొలత, లోతు మాత్రం వేగం మీద ఆధారపడిన అంచనా.

4.2 మూడు మలుపులు

మొదటి మలుపు పునరుక్తి. నేలలోని ఒకే బిందువు నుంచి వేర్వేరు దూరాల్లో వచ్చిన ప్రతిధ్వనులను సరిచేసి కలిపే పద్ధతిని 1950లో హ్యారీ మేన్ ప్రతిపాదించాడు. నిజమైన సంకేతాలు ఒకదానికొకటి తోడై బలపడతాయి. గాలి, వాహనాల చప్పుడు వంటి యాదృచ్ఛిక రొదలు పరస్పరం క్షీణిస్తాయి. అయస్కాంత టేపు, 1960లలో డిజిటల్ రికార్డింగు వచ్చిన తరువాతే ఈ ఆలోచన పూర్తిగా ఆచరణకు వచ్చింది. పేలుడు పదార్థాలకు బదులు బరువైన వాహనంతో నేలను కంపింపజేసే వైబ్రోసైస్ పద్ధతి కూడా 1950లలోనే రూపుదిద్దుకుంది.

రెండో మలుపు త్రిపరిమాణ సర్వే. ఒక గీత వెంట తీసిన ద్విపరిమాణ చిత్రంలో పక్కనుంచి వచ్చిన ప్రతిధ్వని కూడా కింది నుంచి వచ్చినట్లే కనిపిస్తుంది. 1960ల చివర టెక్సాస్‌లో ప్రయోగాత్మకంగా ఆరంభమైన త్రిపరిమాణ సర్వేలు ఈ భ్రమను చాలావరకు తొలగించాయి. కంప్యూటర్ల శక్తి పెరిగేకొద్దీ 1980, 1990 దశకాల్లో ఇవి సర్వసాధారణమయ్యాయి.

మూడో మలుపు తరంగపు బలాన్ని చదవడం. 1970ల ఆరంభం వరకు ప్రతిధ్వని వచ్చిన సమయానికే విలువ ఉండేది. దాని తీవ్రతను పట్టించుకునేవారు కాదు. పొర హద్దు వద్ద పరావర్తనం, రెండు శిలల సాంద్రత–వేగాల లబ్ధాల వ్యత్యాసం మీద ఆధారపడి ఉంటుంది. ఉదాహరణకు ఒక షేల్‌లో వేగం 2400, సాంద్రత 2.3 అనుకుంటే లబ్ధం 5520. దాని కింద నీటితో నిండిన ఇసుకరాయిలో వేగం 2500, సాంద్రత 2.2 అయితే లబ్ధం 5500; హద్దు దాదాపు కనిపించదు. అదే ఇసుకరాయిలో వాయువు నిండి వేగం 1900కు, సాంద్రత 2.0కు తగ్గితే లబ్ధం 3800. పరావర్తన గుణకం ఋణాత్మకంగా 0.18కి చేరి చిత్రంలో ప్రకాశవంతమైన మచ్చగా కనబడుతుంది. చమురు చూపే మార్పు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి వాయువును గుర్తించినంత సులభంగా చమురును గుర్తించలేరు.

ఈ ప్రకాశమచ్చలు కూడా కొన్నిసార్లు మోసగిస్తాయి. రంధ్రాల్లో అతి కొద్ది శాతం వాయువు కలిసినా తరంగవేగం బాగా పడిపోతుంది. లాభసాటి నిల్వకూ పనికిరాని వాయువు జాడకూ చిత్రంలో తేడా తెలియకపోవచ్చు. తరంగం తాకే కోణాన్నిబట్టి తీవ్రత ఎలా మారుతుందో పరిశీలించే పద్ధతి 1980లలో ప్రాచుర్యం పొందడానికి ఈ ఇబ్బంది ఒక కారణం.

మరో పరిమితి స్పష్టతకు సంబంధించినది. సెకనుకు 3000 మీటర్ల వేగం, 30 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం ఉన్నప్పుడు తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. దానిలో నాలుగో వంతు, అంటే 25 మీటర్లకంటే పలుచనైన పొర అడుగు, పై అంచులు విడివిడిగా కనిపించవు.

5. విద్యుత్ పద్ధతులు

1912లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో కాన్రాడ్ ష్లంబర్జే నేలలోకి విద్యుత్ ప్రవాహాన్ని పంపి, ఉపరితలం మీద పొటెన్షియల్ ఎలా పరుచుకుంటుందో పటంగా గీశాడు. ఆయన తొలి లక్ష్యం లోహఖనిజాలు. తరువాత సోదరుడు మార్సెల్‌తో కలిసి చమురు వైపు మళ్లాడు. 1927 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్ చమురుక్షేత్రంలో అదే కొలతను బావి లోపల తీశారు. పరికరాన్ని బావిలోకి దించి, లోతుతోపాటు నిరోధకత మారే తీరును నమోదు చేయడంతో ‘లాగింగ్’ ఆరంభమైంది.

దీని వెనుక సూత్రం సరళమైనది. శిలారంధ్రాల్లోని ఉప్పునీరు విద్యుత్తును మోస్తుంది. చమురు, వాయువు మోయవు. ఉప్పునీటి స్థానంలో చమురు చేరిన ఇసుకరాయిలో నిరోధకత పెరుగుతుంది. 1942లో గస్ ఆర్చీ ఈ సంబంధాన్ని ఒక సూత్రంగా ఇవ్వడంతో, నిరోధకత నుంచి రంధ్రాల్లో నీటిశాతమెంతో, చమురుశాతమెంతో లెక్కించే వీలు కలిగింది. ఉపరితల సర్వేల్లో విద్యుత్ పద్ధతి సైస్మిక్ ముందు వెనుకబడినా, బావి లోపల అది నేటికీ అనివార్యం. 2000 తరువాత సముద్రగర్భంలో నియంత్రిత విద్యుదయస్కాంత సర్వేలు వచ్చి, సైస్మిక్ చూపిన ఉచ్చులో ఉన్నది ఉప్పునీరా, హైడ్రోకార్బనా అని ముందుగా పరీక్షించే అవకాశం ఇచ్చాయి.

6. ఆంధ్ర తీరంలో పద్ధతుల పరీక్ష

1956లో చమురు, సహజవాయు కమిషన్ ఏర్పడిన తరువాత దేశంలో క్రమబద్ధమైన భూభౌతిక సర్వేలు ఊపందుకున్నాయి. 1958లో కాంబే, 1960లో అంక్లేశ్వర్, 1974లో బాంబే హై ఆవిష్కరణలు ఆ కృషి ఫలాలు. సముద్రం అడుగున ఊటలు వెతకడం గాని, శిలల వంపు కొలవడం గాని సాధ్యం కాదు కాబట్టి బాంబే హై పూర్తిగా సైస్మిక్ చూపిన దారి.

కృష్ణా–గోదావరి డెల్టా కూడా అటువంటిదే. పైన వరిపొలాలు, కొబ్బరితోటలు, కాలువలు. లోపలి శిలల ఆనవాలు నేలమీద కనిపించదు. 1978లో నరసాపురం వద్ద తవ్విన బావిలో వాయువు బయటపడటంతో ఈ బేసిన్ సామర్థ్యం తేటతెల్లమైంది. 1987లో తీరానికి సమీపంలో రవ్వ క్షేత్రం, 2002లో లోతైన సముద్రంలో డి–6 వాయు నిల్వలు వెలుగుచూశాయి. లోతైన సముద్రపు ఆవిష్కరణల్లో త్రిపరిమాణ సైస్మిక్, ప్రకాశమచ్చల విశ్లేషణ కీలకపాత్ర వహించాయి.

ఇదే బేసిన్ రెండు హెచ్చరికలు కూడా చేసింది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద జరిగిన బ్లోఅవుట్ మంట 65 రోజులు ఆరలేదు. తవ్వకం ముందు పొరల్లోని పీడనాన్ని అంచనా వేయడం ఎంత ప్రాణావసరమో కోనసీమ ప్రజలు కళ్లారా చూశారు. షేల్‌లో చిక్కుకున్న నీటి పీడనం పెరిగితే సైస్మిక్ వేగం సాధారణ స్థాయికంటే తగ్గుతుంది. ఆ తగ్గుదలను తవ్వకానికి ముందే చదవడం భూభౌతికశాస్త్రజ్ఞుల బాధ్యతల్లో ఒకటి. ఇక డి–6లో 2009 ఏప్రిల్‌లో ఆరంభమైన వాయు ఉత్పత్తి 2010లో తారస్థాయికి చేరి, ఆపై ముందస్తు అంచనాలకంటే చాలా వేగంగా పడిపోయింది. సైస్మిక్ చిత్రంలో ఒకే మచ్చగా కనిపించే ఇసుకరాయి లోపల ఒకదానితో ఒకటి కలవని అరలుగా ఉండవచ్చు. నిల్వ ఉందని చెప్పడం, అందులో ఎంత చేతికొస్తుందో చెప్పడం వేర్వేరు విషయాలు.

7. తిరుపతి–చిత్తూరు శిలలు: చమురు అవకాశాల విచారణ

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అధికభాగం గ్రానైటు, నైసు శిలలే. మదనపల్లె, పలమనేరు, చిత్తూరు పరిసరాల్లో ఇవే నేలకు ఎముకలు. కుప్పం వైపు కోలార్ షిస్టు పట్టీ కొనసాగింపు ఉంది. చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు దానిమీదివే. ద్రవస్థితి నుంచి గట్టిపడిన, లేదా అధిక వేడిమిలో రూపాంతరం చెందిన ఈ శిలల్లో చమురుకు మూలమైన సేంద్రియ పదార్థం ఉండదు.

అయితే గ్రానైటు అన్నంత మాత్రాన చమురు అసాధ్యమని చెప్పడం కూడా తొందరపాటే. వియత్నాం తీరంలోని బాక్ హో క్షేత్రంలో చమురు ప్రధానంగా పగుళ్లిచ్చిన గ్రానైటులోనే నిలిచి ఉంది. అక్కడ గ్రానైటు దిబ్బను చుట్టి, కప్పి ఉన్న అవక్షేపాలు మూలశిలగా, మూతశిలగా పనిచేశాయి. చిత్తూరు గ్రానైటుకు అటువంటి పొరుగు లేదు. అదే రకం పగుళ్లలో ఇక్కడ చేరేది వాననీరు.

ఈ ప్రాంతపు ఉత్తర, తూర్పు అంచుల స్థితి కొంత భిన్నం. తిరుమల, నగరి కొండల క్వార్ట్‌జైట్లు కడప మహాసముదాయానికి చెందినవి. దేశంలో గుర్తించిన 26 అవక్షేప బేసిన్లలో కడప ఒకటి. ప్రస్తుత వర్గీకరణలో అది మూడో తరగతిలో, అంటే ఇంకా నిరూపణ కావలసిన బేసిన్ల జాబితాలో ఉంది. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన వయసు ఒక్కటే దానికి అడ్డు కాదు; తూర్పు సైబీరియాలోనూ, ఒమన్‌లోనూ కేంబ్రియన్‌కు పూర్వపు శిలల నుంచి పుట్టిన చమురు ఉంది. అడ్డంకి వేరేచోట ఉంది. కడప శిలలు చాలాచోట్ల గట్టిపడి రంధ్రాలు కోల్పోయాయి; తూర్పుభాగం తీవ్రంగా ముడుతలుపడి, భ్రంశాలకు గురైంది. ఏనాడో పుట్టిన హైడ్రోకార్బన్లు ఇన్ని భూచలనాల తరువాత చెదరకుండా నిలిచే అవకాశం తక్కువ.

కడప బేసిన్ లోతును గురించిన ప్రత్యక్ష ఆధారాల్లో ముఖ్యమైనది హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970లలో చేపట్టిన కావలి–ఉడుపి లోతైన సైస్మిక్ సర్వే. బంగాళాఖాతం తీరం నుంచి అరేబియా సముద్రతీరం వరకు రాయలసీమ మీదుగా సాగిన ఈ రేఖ సుమారు 600 కిలోమీటర్ల పొడవైనది. దేశంలో భూపటలం అడుగు వరకు చూసిన తొలి సర్వే అదే. భూపటలం మందం స్థూలంగా 35 నుంచి 40 కిలోమీటర్లని, కడప బేసిన్ తూర్పు అంచు వద్ద పాతశిలలు కొత్తశిలల మీదికి తోసుకువచ్చాయని అది సూచించింది. చమురు పరిశ్రమలో పుట్టిన పద్ధతి ఇక్కడ ఖండ నిర్మాణాన్ని చదవడానికి తోడ్పడింది.

మూడో సందర్భం సత్యవేడు. నేటి తిరుపతి జిల్లా ఆగ్నేయ కొసన ఉన్న ఈ ప్రాంతంలో ఇసుకరాళ్లు, గులకరాతి పొరలు కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పరిశీలించిన ఈ పొరలు ఎగువ గోండ్వానాకు చెందినవి. సమీపంలోని శ్రీపెరంబుదూరు పొరల్లో మొక్కల శిలాజాలున్నాయి. స్థూలంగా డైనోసార్ల యుగంనాటి ఈ పాలార్ అవక్షేపాలు భారత తూర్పుతీరం అంటార్కిటికా నుంచి విడిపోతున్న కాలపు పగులులోయల్లో పేరుకున్నవి. ఉత్తరాన కృష్ణా–గోదావరి, దక్షిణాన కావేరి బేసిన్లు కూడా ఆ సంఘటన సంతానమే. పోలిక బలమైనదే అయినా నేలమీద పొరల మందం తక్కువ కావడం, వేడెక్కడానికి తగినంత లోతు లేకపోవడం ప్రధాన లోటు. ఈ అవక్షేపాలు సముద్రం వైపు సాగేకొద్దీ మందమవుతాయి కాబట్టి అన్వేషకుల దృష్టి తీరం దాటి ఉంది.

8. చమురు పద్ధతి, నీటి అవసరం

తిరుపతి–చిత్తూరు ప్రాంతంలో భూభౌతిక పద్ధతుల నిత్యోపయోగం భూగర్భజలానికే. గ్రానైటులో నీరు రెండు చోట్ల ఉంటుంది: పైనున్న శిథిలశిలా పొరలో, దాని కిందనున్న పగుళ్లలో. ఒకప్పుడు మొదటిది తోడితే సరిపోయేది. మోటబావులు దానిమీదే బతికాయి. ఆ పొర ఎండిపోవడంతో బోర్లు వచ్చాయి; వందల అడుగుల నుంచి కొన్ని చోట్ల వెయ్యి అడుగులు దాటాయి.

ష్లంబర్జే అమరికలో బయటి రెండు కడ్డీల ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండు కడ్డీల మధ్య పొటెన్షియల్ భేదాన్ని కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ ప్రవాహం మరింత లోతుకు వెళుతుంది. తాజా గ్రానైటు నిరోధకత వేల ఓమ్–మీటర్లు. నీరున్న శిథిలశిలలో అది సాధారణంగా పదుల్లో నుంచి వందలోపు ఉంటుంది. చమురు బావిలో ఎక్కువ నిరోధకత శుభసూచన. చిత్తూరు పొలంలో తక్కువ నిరోధకత శుభసూచన. పరికరం ఒకటే, కొలత ఒకటే. చదివే తీరు తారుమారవుతుంది.

అయస్కాంత పద్ధతికి కూడా ఇక్కడ ఉపయోగముంది. ఈ ప్రాంతంలో గ్రానైటును చీల్చుకొని నల్లని డోలరైటు గోడలు మైళ్లకొద్దీ సాగుతాయి. మట్టికింద మరుగుపడినచోట వాటిని మాగ్నటోమీటరు గుర్తిస్తుంది. నీటి ప్రవాహానికి అడ్డుగోడలా నిలిచే డైకుకు ఎగువన బోరు వేయడం, దిగువన వేయడం ఒకటి కాదు.

కాని పరిమితులను దాచకూడదు. తక్కువ నిరోధకత నీటివల్లే కాక బంకమట్టివల్ల కూడా రావచ్చు. అక్కడ తవ్వితే తేమ తగులుతుంది గాని ధార రాదు. అంతకన్నా పెద్ద పరిమితి లోతుకు సంబంధించినది. 700 అడుగుల కింద జానెడు మందమున్న పగులును ఉపరితలం మీది నిరోధకత సర్వే చూడలేదు. పైనున్న వందల అడుగుల బండ ప్రభావంలో ఆ చిన్న మార్పు కలిసిపోతుంది. సైస్మిక్‌లో 25 మీటర్ల పొర కనబడకపోవడానికి, ఇక్కడ పగులు కనబడకపోవడానికి మూలకారణం ఒకటే: దూరం పెరిగేకొద్దీ స్పష్టత తగ్గుతుంది. అందువల్ల మొదటి రెండు మూడు వందల అడుగుల గురించి ఈ పరీక్ష చెప్పే మాటకున్న విలువ, వెయ్యి అడుగుల గురించి చెప్పే మాటకు లేదు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల నష్టపోయేది రైతే. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి, వేపపుల్ల పట్టుకొని నీటి పాయింటు చెప్పేవారికి, పరికరంతో వచ్చినవారికి మధ్య అతను ఎంచుకోవలసి వస్తుంది. పరికరం తెచ్చినవారు కూడా అనిశ్చితిని చెప్పకుండా ‘ఇక్కడ రెండంగుళాల నీరు ఖాయం’ అంటే, బోరు ఎండిననాడు నమ్మకం పోయేది ఆ వ్యక్తి మీద మాత్రమే కాదు, శాస్త్రం మీద కూడా. చమురు సంస్థ పది బావుల్లో కొన్ని విఫలమవుతాయని ముందే లెక్కవేసుకొని పెట్టుబడి పెడుతుంది. రెండెకరాల రైతుకు పది బావులు లేవు. ఉన్నది ఒక్క అవకాశం, దానికీ అప్పే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో ఆరంభమైన ఉచిత బోర్ల పథకం, వైఎస్ఆర్ జలకళ, తవ్వకానికి ముందు భూగర్భజల, భూభౌతిక సర్వేను ఒక దశగా చేర్చడం ఈ దృష్ట్యా గమనార్హం. సర్వే వల్ల సాఫల్యం పెరుగుతుంది. కాని సర్వే నీటిని పుట్టించలేదు. తోడినంత తిరిగి ఇంకని చోట పద్ధతి ఎంత మెరుగైనా ఫలితం క్షీణిస్తుంది.

9. వర్తమాన ధోరణులు

1984లో ఆల్బర్ట్ టారంటోలా ప్రతిపాదించిన పూర్ణతరంగ విలోమనం, నమోదైన తరంగం మొత్తాన్ని గణితనమూనాతో సరిపోల్చి లోపలి వేగాన్ని రాబడుతుంది. ఆనాడు కంప్యూటర్లకు మించిన ఆ పని నేడు పరిశ్రమలో వాడుకలో ఉంది. తీగలు లేని నోడ్లు, కంపనాలను గ్రహించే ఆప్టికల్ ఫైబరు, భ్రంశాలను గుర్తించడంలో యంత్రాభ్యసనం వంటివి వేగాన్ని పెంచాయి. అయితే శిక్షణకు వాడిన ప్రాంతపు శిలలకూ కొత్త ప్రాంతపు శిలలకూ పోలిక లేనప్పుడు యంత్రం ఇచ్చే సమాధానాన్ని శిలలెరిగిన మనిషే సరిచూడాలి.

భారతదేశంలో 2016లో ఆరంభమైన జాతీయ సైస్మిక్ కార్యక్రమం, అంతవరకు సర్వే కాని అవక్షేప ప్రాంతాల్లో సుమారు 48 వేల రేఖా కిలోమీటర్ల ద్విపరిమాణ సమాచారాన్ని సేకరించే లక్ష్యంతో సాగింది. మరోవైపు లక్ష్యాలు కూడా మారుతున్నాయి. నార్వేలోని స్లైప్నర్ వద్ద 1996 నుంచి భూగర్భంలోకి పంపుతున్న కార్బన్ డయాక్సైడు ఎటు కదులుతున్నదో మళ్లీమళ్లీ చేసిన సైస్మిక్ సర్వేలు చూపిస్తున్నాయి. భూగర్భజలం కోసం హెలికాప్టరు నుంచి చేసే విద్యుదయస్కాంత సర్వేలను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన దేశంలో ప్రయోగించింది. కఠినశిలా ప్రాంతాల్లో ఒక్కొక్క పొలానికి విడిగా కాక, ఒక పరీవాహక ప్రాంతం మొత్తానికి చిత్రం గీయడానికి ఇటువంటి సర్వేలు వీలు కల్పిస్తాయి.

10. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. భూభౌతిక పద్ధతులు చమురును గాని, నీటిని గాని నేరుగా చూపవు. అవి నిలిచే అవకాశమున్న శిలానిర్మాణాన్ని చూపుతాయి.

2. ప్రతి కొత్త పద్ధతీ పాతదాని నిర్దిష్ట లోపానికి సమాధానంగా వచ్చింది. పాతది పూర్తిగా తొలగిపోలేదు. తక్కువ ఖర్చుతో విశాల ప్రాంతాన్ని వడపోసే తొలిదశగా గురుత్వ, అయస్కాంత సర్వేలు నిలిచాయి.

3. తిరుపతి–చిత్తూరు ప్రాంతంలో గ్రానైటు, నైసు భూభాగానికి చమురు అవకాశం లేదు. కడప శిలలు నిరూపణ కాని స్థితిలో ఉన్నాయి. సత్యవేడు పొరలు తూర్పుతీర బేసిన్ల కుటుంబానికి చెందినవైనా నేలమీద పలుచనివి.

4. ఖనిజాల కోసం పుట్టి, చమురు పరిశ్రమలో ఎదిగిన నిరోధకత పద్ధతి ఈ ప్రాంతంలో భూగర్భజల అన్వేషణకు ప్రధాన సాధనమైంది. లోతైన పలుచని పగుళ్ల విషయంలో దానికి స్పష్టమైన పరిమితి ఉంది.

5. ఆ పరిమితిని రైతుకు అర్థమయ్యే తెలుగులో, తవ్వకానికి ముందే చెప్పడం సర్వేలో భాగం కావాలి. ఎంత లోతు వరకు ఆ అంచనాను నమ్మవచ్చో నివేదికలో రాసి ఇస్తే, ఆ లోతు దాటి తవ్వాలా వద్దా అన్న నిర్ణయం రైతు తెలిసి తీసుకోగలుగుతాడు. విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాలు విఫలమైన బోర్ల వివరాలను కూడా సేకరించి సర్వే అంచనాలతో సరిపోల్చితే, ఈ ప్రాంతపు శిలలకు తగిన ప్రమాణాలు రూపొందుతాయి.